ముక్కు ఏటివైపు

హైదరాబాదు,
14-9-1985

మామయ్యగారికి నమస్కారాలతో మీ కోడలు సీతారత్నం రాసుకునేది.

మీరు బస్సులో వేయించిన కొబ్బరికాయల బస్తా క్షేమంగా చేరిందండీ. సగం ఇరుగుపొరుగుకి పంచేను. మిగతావన్నీ పచ్చడికే అయిపోయాయి. ఆ పచ్చడి ఎక్కువ ఎవరు తిన్నారో మీరెలాగూ అడగరు కాబట్టి నేనూ చెప్పను. అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఆముదం కాచి రాసుకోమన్నానని చెప్పండి.

ఇక్కడో వింత జరిగింది. మా బడికి గవర్నమెంటువారు కంప్యూటరు అనే మిషను ఇచ్చేరు. టీవీ పెట్టె ఒకటి, దాని ముందు టైపు మిషను లాంటి పలక ఒకటి, పక్కన మామూలు టేప్ రికార్డరు. నేను లెక్కల టీచరుని కాబట్టి దాని గది తాళం నాకప్పగించేరు. పిల్లలకి నేర్పే ముందు నేను నేర్చుకోవాలి కదా, అందుకని శనివారం మధ్యాహ్నాలు అక్కడే ఉంటున్నాను. దాంతోపాటు వచ్చిన కేసెట్లలో ఒకదాంట్లో ఆట ఉంది. కేసెట్టు పెడితే కాసేపు పిల్లి పీక పిసికినట్టు అరుస్తుంది. తరవాత టీవీ నిండా నల్లటి ఆకాశం, తెల్లటి చుక్కలు వస్తాయి. ఆ ఆకాశంలో మనకో సరుకు ఓడ ఇస్తారు, చేతిలో కాస్త పెట్టుబడి పెడతారు. ఒక గ్రహంలో సరుకు కొని ఇంకో గ్రహానికి తీసుకెళ్ళి అమ్ముకోవాలి. దారిలో దొంగలుంటారు. లాభం వస్తే ఓడకి తుపాకీ కొనుక్కోవచ్చు, సరుకు గది పెద్దది చేయించుకోవచ్చు, ఇంధనం తొట్టి పెంచుకోవచ్చు.

నేను రాయవరం రైతు కూతుర్ని. వరి సంగతి అడిగితే చెప్పగలను గానీ వర్తకం నా వల్ల కావడం లేదు. ఆడినప్పుడల్లా దివాలాయే! కాలవల మీద కొబ్బరికాయల పడవలు నడిపిన మామగారు ఉండగా నాకెందుకీ అవస్థ అనిపించింది. ఓడకి ముందు ఏం అమర్చుకోవాలి, ఏ సరుకు ఎత్తాలి, మీరు చెప్పినట్టు చేస్తాను. నవ్వితే నవ్వండి, జవాబు మాత్రం రాయండి.

మీ కోడలు
సీతారత్నం


పి.గన్నవరం,
2-10-1985

చి.సౌ. సీతారత్నానికి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం పడవ మీద కూర్చుని చదివేను. మొదట నవ్వేను. నా సరంగు ఇస్సాకు లేడూ, వాడికి చదివి వినిపిస్తే వాడు నవ్వలేదు. "ఆ ఓడకి లంగరు ఎక్కడ వేస్తారండీ?" అని అడిగేడు. ఆ మాటతో నేనూ ఆలోచనలో పడ్డాను. సరుకన్నాక ఆకాశమైనా ఒకటే, కాలవైనా ఒకటే.

మొట్టమొదట ఓడకి పేరు పెట్టు. పేరు లేని పడవ ఎక్కకూడదు. మన పడవకి మా అమ్మ పేరు పాపాయమ్మ అని ఉంది కదా, దానికి చిన పాపాయమ్మ అని పెట్టు. ఆ గ్రహాల పేర్లేవో నోరు తిరగనివై ఉంటాయి, మనకి తెలిసిన పేర్లు పెట్టుకుంటే సరిపోతుంది. మీ అత్తయ్య చెబుతోంది, మొదటి రేవుకి మురమళ్ళ అని పెట్టమని, వీరేశ్వరస్వామి కనిపెట్టుకుని ఉంటాడట.

తుపాకీ కొనకు. తుపాకీ కొన్నవాడు దాన్ని వాడటానికి దొంగల్ని వెతుక్కుంటాడు. ఆ సొమ్ముతో సరుకు గది పెంచు. దొంగ ఎదురైతే పారిపో, పారిపోవడం తప్పేం కాదు. ఇక సరుకు మాటకొస్తే, చవగ్గా ఉందని ఏదీ ఎత్తకు. అవతలి రేవులో ఏం లేదో తెలుసుకుని అది ఎత్తు. అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీగా తిరిగి రాకు. రాజమండ్రికి కొబ్బరికాయలు దింపి ఖాళీగా వచ్చిన పడవ నా చేతి మీద లేదు. పెంకులో, కుండలో, ఏదీ దొరక్కపోతే చింతపండో వేసుకొచ్చేవాణ్ణి.

పచ్చడి ఎవరు తిన్నారో చెప్పనన్నావు. చెప్పకు. నేను పంపింది నీకు. మీ ఇంట్లో ఉండే మనిషి తిన్నాడంటే అది నీ మంచితనం. కన్న కొడుకు ఊరు విడిచి ఉద్యోగానికి వెళ్ళినందుకు నాకు కోపం లేదమ్మా. మొగుడు కొట్టినందుక్కాదు, తోడికోడలు నవ్వినందుకు. లారీలొచ్చి నా పడవల నోటి దగ్గర కూడు లాగేసుకున్నాయి. ఉన్నవన్నీ పోయి ఒక్క పాపాయమ్మ మిగిలింది. వాడు వెళ్ళి వెళ్ళి ఆ లారీల ఆఫీసులోనే చేరేడు. ఏరు దాటి తెప్ప తగలేసిన రకం. వాడితో నాకు మాటల్లేవు, ఉత్తరాల్లేవు. నువ్వు వేరు.

మామయ్య
సత్తిరాజు


హైదరాబాదు,
23-11-1985

మామయ్యగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చేసేం. తుపాకీ మానేసి గది పెంచేం. మురమళ్ళలో గుడ్డలు ఎత్తి కొత్తపేటలో దింపేం (అది ఎర్రటి గ్రహమండీ, అక్కడివాళ్ళు కప్పల్లా ఉంటారట, అయినా గుడ్డలు కడతారు). అక్కడి నుంచి మిషను సామాను వేసుకుని రాజోలు వెళ్ళేం. మధ్యలో దొంగలు తగిలితే పారిపోయేం. సరుకు గదిలో ఇప్పుడు ఖాళీ లేదు. మా హెడ్మిస్ట్రెస్సు గారు గుమ్మంలో నిలబడి చూసి, "లెక్కల టీచరు వ్యాపారం బాగా చేస్తోందే" అన్నారు.

ఒక్కటే చిక్కు. ప్రతి గ్రహం దగ్గరా ఆకాశంలో పెద్ద పెట్టె లాంటి రేవు తేలుతూ ఉంటుంది. దానికి సన్నటి తలుపు. ఆ పెట్టె గిరగిరా తిరుగుతూ ఉంటుంది, దాంతో తలుపూ తిరుగుతుంది. ఓడ ఆ సన్నటి తలుపులోంచి లోపలికి దూరాలి. కాస్త పక్కకి తగిలిందా, ఓడ ముక్కలు! కేసెట్టులో దాచుకున్న చోటి నుంచి మళ్ళీ మొదలు. లాభమంతా రేవు దగ్గరే పోతోంది. దానంతట అదే రేవులోకి చేర్చే యంత్రం ఒకటి అమ్ముతున్నారండీ. ఖరీదు ఎక్కువే గానీ అది ఓడకి అమర్చుకుంటే ఈ బాధ ఉండదు. కొనెయ్యమంటారా?

పోయిన ఉత్తరంలో తెప్ప మాట రాసేరు. నేను అది ఇంట్లో పైకి చదవలేదు. అయినా కాగితం బల్ల మీద పెడితే గాలికి ఎగిరి ఎవరి ముందు పడాలో వారి ముందే పడింది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు ఆయన. చెప్పకూడదనుకున్నాను, చెప్పేసేను.

సీతారత్నం


పి.గన్నవరం,
11-12-1985

చి.సౌ. సీతారత్నానికి మామయ్య దీవెనలు.

యంత్రం కొనకు! పడవని రేవుకి చేర్చడం చేతకానివాడు అసలు పడవెక్కకూడదు. ఎత్తడం, మోయడం ఎవడైనా చేస్తాడు. రేవులోనే ఉంది సరంగుతనం.

నువ్వు చెప్పిన తలుపు నాకు బాగా తెలుసు. లొల్ల లాకులు గుర్తున్నాయా, మీ పెళ్ళయ్యాక బస్సులో వస్తూ చూసేం? కాలవకి అడ్డంగా ఆ లాకు తలుపులు తెరుస్తారు, పడవ అందులోంచి వెళ్ళాలి. రెండు పక్కలా రాతి గోడలు. తలుపు తెరవగానే కొత్తవాళ్ళు గబగబా గెడ కర్రలు వేస్తారు. వేగం మీద వెళ్ళి గోడకి గుద్దుతారు. అలా కాదు. దూరంగానే ఆగు. తలుపు మధ్యకి పడవ ముక్కు సరిగ్గా వచ్చిందాకా తొందరపడకు. వచ్చేక గెడ పైకెత్తెయ్. పడవకి అప్పటికున్న నడక చాలు, అదే లోపలికి పోతుంది. గోడ దగ్గరవుతున్నప్పుడు గోడ వైపు చూడకు, లోపలి నీళ్ళ వైపు చూడు. మనిషి ఎటు చూస్తే చెయ్యి అటు పోతుంది.

తలుపు తిరుగుతోందన్నావు. తిరిగితే తిరగనీ. దాంతోపాటు ఓడనీ తిప్పు. ఏరు తిరిగిన చోట మనం తిరగటం లేదా? అంతకంటే ఏం లేదు అందులో.

ఎవరో అన్నం తినలేదన్నావు. ఆ రోజు కూరేం చేసేవేమిటి?

మామయ్య


హైదరాబాదు,
19-1-1986

మామయ్యగారికి నమస్కారాలు.

చేరిందండీ! చిన పాపాయమ్మ రాజోలు రేవులోకి చేరింది! మీరన్నట్టే దూరంగా ఆగేం, ముక్కు మధ్యకి తెచ్చేం, తలుపుతో పాటు ఓడని తిప్పేం. మరలన్నీ కట్టేసి ఊపిరి బిగబట్టేం. దానంతట అదే లోపలికి జారింది. నేను కుర్చీలోంచి లేచి అరిచేను. బడి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చేడు, ఏం కొంప మునిగిందో అని.

కానీ ఆ ఆనందం నాలుగు రోజులే. ఆ తరవాతి వారం కొత్తపేట రేవు దగ్గర మళ్ళీ పోయింది. అదీ వింతగా పోయింది. తలుపు దాకా చక్కగా వెళ్ళింది. తీరా లోపలికి వెళ్ళాల్సిన సమయానికి ఓడ గిరుక్కున వెనక్కి తిరిగింది, ముక్కు ఆకాశం వైపు, తోక తలుపు వైపు. అలా తోకతో లోపలికి వెళ్ళబోయింది. ఈ ఆటలో ఓడ వెనక్కి నడవదండీ. గోడకి కొట్టుకుని ముక్కలైపోయింది. కందిపప్పు లాంటి ఖరీదైన సరుకంతా గాలిలో కలిసింది. ఎందుకలా తిప్పేమో తెలియదు, చెయ్యి అలా పోయిందంతే. ఈమధ్య ప్రతిసారీ అదే తప్పు జరుగుతోంది. దీనికేమైనా ఉపాయం ఉందా?

అత్తయ్యగారికి నా నమస్కారాలు. ఆ రోజు కూర వంకాయ, అల్లం పచ్చిమిర్చి పెట్టి. అది ఆయనకి ఇష్టమని మీకు తెలుసు.

సీతారత్నం


పి.గన్నవరం,
30-1-1986

సీతారత్నానికి,

ఈ ఉత్తరంలో ఊరి కబుర్లు లేవమ్మా. ఒక్క సంగతి అడుగుతాను, నిజం చెప్పాలి.

గోదావరి మీద ఉన్న సరంగులందరూ పడవ ముక్కు గట్టుకి ఆనించే కడతారు. దిగటానికి సుళువు, సరుకు దింపటానికి సుళువు. పడవని వెనక్కి తిప్పి, తోక గట్టుకీ ముక్కు ఏటివైపుకీ పెట్టి కట్టే ఇల్లు ఒక్కటే, మాది. యాభై మూడు వరదలో మా నాన్న సూరయ్యగారి పడవ ముక్కు గట్టుకి కట్టి ఉంది. నీరు ఒక్కసారిగా వచ్చింది. పడవ తిప్పుకునే వ్యవధి లేకపోయింది. గట్టుకే కొట్టుకుని నా కళ్ళ ముందే చీలిపోయింది. ఆ రోజు మా నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నారు, ఎంత కష్టమైనా సరే, రేవులో పడవ ముక్కు ఏటివైపే ఉండాలి, తాడు కోస్తే వెళ్ళిపోయేలా ఉండాలి అని. అది ఇస్సాకుకి కూడా ఒంటపట్టలేదు, నేను గుర్తుచేయాలి. చిన్నప్పటి నుంచి చెవి మెలేసి నేర్పితే ఒక్కడికే చేతికొచ్చింది.

నువ్వు పడవ ఎక్కిందే ఒక్కసారి, అంతర్వేది తీర్థానికి. అప్పుడు కూడా కళ్ళు మూసుకుని కూర్చున్నావు. ఆ తిప్పటం నీ చేతికి రాదు. ఆ ఓడ చుక్కాని ఎవరి చేతిలో ఉంది?

మామయ్య


హైదరాబాదు,
9-2-1986

మామయ్యగారికి నమస్కారాలు.

దొరికిపోయేను. మీరు అడిగేక దాచనండి.

సరుకు కొనటం, అమ్మటం నాదే. ఓడ నడిపేది మీ అబ్బాయి. శనివారం నన్ను స్కూటరు మీద ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చేవారు. మొదట గుమ్మంలో నిలబడి చూసేరు. తరవాత కుర్చీ లాక్కున్నారు. మీ లొల్ల లాకుల ఉత్తరం నేను చదువుతుంటే ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. "పదేళ్ళప్పుడు నాన్న నాకిదే చెప్పేరు, ఇదే మాటల్లో," అన్నారు. నాన్నకి చెప్పొద్దు, తెలిస్తే రాయటం మానేస్తారు అన్నారు. అందుకే "చేసేం, వెళ్ళేం" అని రాస్తూ వచ్చేను. అందులో అబద్ధం లేదని నన్ను నేను సమాధానపరచుకున్నాను.

ఒక సంగతి చెప్పాలి. ఆయన పనిచేసే లారీల షెడ్డుకి నేనొకసారి కేరేజీ తీసుకెళ్ళేను. లారీలన్నీ వరసగా మూతి రోడ్డువైపు పెట్టి నిలబడి ఉన్నాయి. ఊళ్ళో మిగతా షెడ్లలో అలా ఉండదు. డ్రైవర్లు నా దగ్గర మొత్తుకున్నారు. "అమ్మగారూ, రాత్రంతా నడిపి అలిసిపోయి వస్తాం, ఈయన మాత్రం బండి వెనక్కి తిప్పి పెడితే గానీ తాళం తీసుకోరు," అన్నారు. మా స్కూటరూ అంతే, ఇంటి ముందు మూతి వీధివైపే ఉంటుంది. ఆఖరికి చెప్పులు కూడా గుమ్మం దగ్గర వేళ్ళు బయటికి ఉండేలా తిప్పి విడుస్తారు. నాలుగేళ్ళ కాపురంలో ఇది ఆయన చాదస్తమనుకుని పోట్లాడేను. ఇప్పుడు తెలిసింది, అది తాతగారి పడవ అని.

మీ దగ్గర నేర్చింది హైదరాబాదు నడిబొడ్డున లారీలకి కూడా నేర్పుతున్న మనిషి తెప్ప తగలేసినవాడు ఎలా అవుతారండీ? ఒక్క ముక్క ఆయన పేర రాయండి. నా కోసం.

సీతారత్నం


పి.గన్నవరం,
22-4-1986

చి.సౌ. సీతారత్నానికి మామయ్య దీవెనలు.

జవాబు ఆలస్యమైంది. మూడుసార్లు మొదలుపెట్టేను. మీ అత్తయ్య మంగాయమ్మ చూసి, "కలంలో సిరా లేదా, మీలో మాట లేదా?" అంది. చెప్పుల సంగతి చదివి మాత్రం కొంగు కళ్ళకి అద్దుకుంది.

నీ మీద కోపం లేదు. నువ్వు చేసింది మంచికే చేసేవు. వాడికి మాత్రం నేను రాయను. వెళ్ళేటప్పుడు నాతో చెప్పకుండా, ఉద్యోగం కాగితం వాళ్ళమ్మ చేతికిచ్చి వెళ్ళేడు. పడవ దగ్గరికొచ్చి నా ఎదురుగా నిలబడి "వెళ్తున్నాను నాన్నా" అని ఉంటే తిట్టేవాణ్ణి, తరవాత తాడు విప్పి పంపేవాణ్ణి. రాయాల్సింది ముందు వాడు.

ఇంకో మాట. కాలవ మీద ఎత్తే సరుకు లేదు. పూడిక తీసేవాడూ లేడు. కలప అడితి సత్యానందం వచ్చి పాపాయమ్మని చూసేడు. టేకు బాగుందిట, విప్పి పలకలు చేసుకుంటాట్ట. దసరా వెళ్ళేక వచ్చి తీసుకెళ్ళమన్నాను. ఇస్సాకు రెండు రోజులు పడవ దగ్గరికి రాలేదు. చుక్కాని పట్టేవాడు ఇంట్లో లేనప్పుడు పడవ ఎవరికోసం ఉంచుకోనమ్మా?

ఆ ఓడ సంగతి. ఆకాశంలో వరద రాదు కదా. అక్కడ ముక్కు ముందు పెట్టి వెళ్ళొచ్చు, తప్పేం లేదు, తాత ఏమీ అనుకోడు. భయపడకుండా నేరుగా పొమ్మను. ఇది వాడికి రాసింది కాదు. నీకు రాసింది. చెబితే చెప్పు.

మామయ్య


హైదరాబాదు,
6-7-1986

మామయ్యగారికి నమస్కారాలు.

నేరుగా వెళ్ళేరు. కొత్తపేట రేవులోకి గీత గీసినట్టు వెళ్ళింది ఓడ. మీ ఉత్తరం కాగితం నా దగ్గర లేదు, అడిగి తీసుకున్నారు. ఎక్కడ పెట్టుకున్నారో నేను వెతకలేదు.

పడవ అమ్ముతున్నారన్న మాట ఆయన రెండుసార్లు చదివేరు. తరవాత, "అమ్మొద్దని నాన్నకి రాయి," అన్నారు. "మీ నాన్న, మీ పడవ, మీరే రాయండి," అన్నాను. లేచి వెళ్ళి తుడిచిన స్కూటరునే మళ్ళీ తుడిచేరు. ఆయన రాయరు, మీరు రాయరు. ఇద్దరూ ఒక్క మానులోంచి తీసిన పలకలు.

మామయ్యగారూ, నన్ను క్షమించాలి, ఇక నా వల్ల కాదు. ఈ గట్టు మాట ఆ గట్టుకీ ఆ గట్టు మాట ఈ గట్టుకీ ఏడాదిగా పంటు పడవ తిప్పుతున్నాను. ఇదే నా ఆఖరి ట్రిప్పు. చిన పాపాయమ్మ కొత్తపేట రేవులో కట్టేసి ఉంది, నిండా సరుకుతో. మీ ఇద్దరిలో ఒకరు రెండోవారితో ఒక్క మాట మాట్లాడేదాకా దాన్ని విప్పను. కంప్యూటరు గది తాళం నా దగ్గరే ఉంది, గుర్తుంచుకోండి. కూర సంగతులు అడిగితే మాత్రం రాస్తాను.

మీ మీద ప్రేమ తగ్గి కాదండీ ఇలా రాస్తున్నది. అది ఎక్కువై రాస్తున్నాను.

సీతారత్నం


పి.గన్నవరం,
3-9-1986

చి.సౌ. సీతారత్నానికి మామయ్య దీవెనలు.

మేం క్షేమం. ఇల్లు నిలబడింది. గోడల మీద నీటి చార ఉంది, అంతే. పేపర్లలో ఈ వరద సంగతి చదివే ఉంటావు. మీ ఆయన తిరిగొచ్చి చెప్పే ఉంటాడు. కానీ వాడు సగమే చెబుతాడు, నాకు తెలుసు. మిగతా సగం నేను చెబుతాను.

గట్లు తెగిన రోజున రేవులో కట్టిన నాటుపడవలు చాలా వరకు గట్టుకి కొట్టుకుని పోయాయి. పాపాయమ్మ ముక్కు ఏటివైపుంది. ఇస్సాకు తాడు కోసేడు, నేను చుక్కాని పట్టుకున్నాను, అది వరద మీదికి ఎక్కి నిలబడింది. మా నాన్నని తలచుకున్నాను. అప్పటి నుంచి ఏటి మధ్య లంకల్లోని జనాన్ని ఎక్కించుకుని, కొత్తపేట వైపు రోడ్డు నీళ్ళలోకి దిగిపోయిన చోట దింపుతున్నాం. దింపటమే గానీ లంకల్లో మిగిలినవాళ్ళకి తీసుకెళ్ళటానికి గింజ లేదు. జీవితంలో మొదటిసారి పడవ ఖాళీగా తిప్పేను. ఆ బాధ నీకెలా చెప్పను!

మూడో రోజు మధ్యాహ్నం జనాన్ని దింపటానికి వస్తున్నాం. ఎప్పటిలాగే పడవని తిప్పి తోకవైపు నుంచి గట్టుకి తెస్తున్నాను. రోడ్డు మీద ఓ లారీ కూడా వెనక్కి వస్తోంది, మూతి కొత్తపేట వైపు, తోక నీళ్ళవైపు. నిండా బియ్యం బస్తాలు. దాని వెనకాల ఒకడు నడుంలోతు నీళ్ళలో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. "రానీ, రానీ, ఇంకో బారెడు రానీ," అని అరుస్తున్నాడు. డ్రైవరుకి చెబుతున్నాడో నాకు చెబుతున్నాడో తెలియలేదు. లారీ కాస్త కుడికి పోతోంది. "ఎడమకి కొట్టించరా, తోక తోక కలవాలి!" అని నేనూ అరిచేను. వాడు వెనక్కి తిరిగేడు.

"ఆయ్, నాన్నా," అన్నాడు.

మూడేళ్ళ తరవాత మా ఇద్దరి మాటలూ అవేనమ్మా.  ఆ తరవాత మాట్లాడే తీరిక లేదు. లారీ వెనక తలుపు దింపితే సరిగ్గా పడవ తోక మీదికి వచ్చింది. ఒక్క బస్తా తడవకుండా లారీలోంచి పడవలోకి జారింది. రెండూ ముక్కు బయటికి పెట్టుకున్నాయి కాబట్టి బస్తాలు ఎక్కగానే అది రోడ్డు పట్టుకుంది, ఇది ఏరు పట్టుకుంది. వాడి ఆఫీసువాళ్ళు పంపిన లారీలట. ఆ పక్కకి ఎవరు వెళ్తారంటే వాడు వెళ్తానన్నాట్ట. జనంతో పాటు పడవ దిగి గట్టు మీద నిలబడి చూస్తున్న మీ అత్తయ్య, "ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు గానీ, రెండూ ఒకేసారి పనికొస్తాయని ఇవాళే చూసేను," అంది.

లారీతో పాటు వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. తడి పంచెతో పడవెక్కి నిలబడ్డాడు. నాకు మూడు రోజులుగా నిద్ర లేదు. చుక్కాని వాడికిచ్చి నేను ముందుకెళ్ళి కూర్చున్నాను. అలిసిపోయి ఇచ్చేననుకున్నాడు వాడు. అది కాదు. ముందు కూర్చుంటే వెనకున్నవాడికి మన మొహం కనబడదు.

లంక రేవులో వాడు పడవ తిప్పేడు. నేను చెప్పలేదు.

మామయ్య


పి.గన్నవరం,
8-10-1986

చిరంజీవి ధనరాజుకి నాన్న దీవించి రాసేది.

నీ ఉత్తరం అందిందిరా. వెళ్ళేటప్పుడు నా ఎదురుగా నిలబడే ధైర్యం లేకపోయిందని రాసేవు. నా నోటికి నీకే కాదు, ఇస్సాకుకీ ధైర్యం చాలదు. అది నీ ఒక్కడి తప్పు కాదు. అక్కడితో ఆ సంగతి వదిలెయ్.

సత్యానందానికి పడవ లేదని చెప్పి పంపించేను. వరదకి లంకల్లో ఇళ్ళు పోయాయి. పెంకులు, వెదుళ్ళు, తాటి దూలాలు ఎక్కడెక్కడి నుంచో రావాలి. లారీ లంకల్లోకి దిగదు, పడవ హైదరాబాదు ఎక్కదు. నువ్వు గన్నవరం దాకా పంపు, అక్కడి నుంచి నేను దింపుతాను. మీ డ్రైవర్లకి చెప్పు, ఇక్కడ కూడా బండి వెనక్కి తిప్పే పెట్టాలని. నా దగ్గర కూడా మొత్తుకుంటారేమో, మొత్తుకోనీ.

చిన పాపాయమ్మ ఇంకా రేవులోనే ఉందని సీతారత్నం రాసింది, వరదలో అరుచుకున్నవి మాటల కిందకి రావట. తాళం ఇవ్వమని నా మాటగా చెప్పు. విప్పండి దాన్ని. ఆ చేర్చే యంత్రం కావాలంటే ఇప్పుడు కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. నీకు చేతనవును కాబట్టి అది ఉన్నా పాడవవు.

మీ అమ్మ నీ కోసం ఆవకాయ జాడీ వేరే పెట్టింది. మూడేళ్ళుగా పెడుతోందట, నాకు ఇవాళే చెప్పింది. నెలాఖరు లారీలో నువ్వూ ఎక్కి రా. ఖాళీగా రాకూడదని తెలుసుగా, కోడల్ని వెంటబెట్టుకుని రా. నేను రేవులోనే ఉంటాను.

మీ నాన్న
సత్తిరాజు